తువాలు దేశంలో నాన్నగారితో వారం రోజులు

"తువాలు వెళ్దామా నాన్నగారూ?" అని అడిగితే ఆయన భుజం మీది తువాలు తీసి చూపించి, "ఇంకోటెందుకే, ఇది బానే ఉందిగా" అన్నారు. అది పసిఫిక్ మహాసముద్రంలో ఒక దేశం పేరని చెప్పడానికి ఫోన్లో మ్యాప్ తీయాల్సి వచ్చింది. ఎంత పెద్దది చేసినా నీలం తప్ప ఏమీ కనపడదు. చివరికి జుట్టు పోగు పడినట్టు సన్నటి గీతొకటి తేలింది. "ఇదే. ఫునాఫుటి. వాళ్ళ రాజధాని." నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని, "కొబ్బరి చెట్లు ఉంటాయా?" అన్నారు. ఉంటాయన్నాను. "అయితే పద."

మేము ఫీజీ రాజధాని సువాలో ఉంటున్నాం, మూడేళ్ళయింది. అమ్మా నాన్నగారూ మూడు నెలలకని వచ్చారు. నాన్నగారికి 71 ఏళ్ళు. కోనసీమలో మలికిపురం దగ్గర రెండున్నర ఎకరాల కొబ్బరి తోట, జన్మంతా దాంట్లోనే గడిచింది. వినాయక చవితి శనివారం అయిపోయింది, ఉండ్రాళ్ళు ఇంకా ఫ్రిజ్‌లో ఉన్నాయి, బాబుకి స్కూలు, మా ఆయనకి సెలవు లేదు, అమ్మకి పడవంటే భయం. అలా మేమిద్దరమే తేలాం.

నిజం చెప్పాలంటే నేను వెళ్ళింది మునిగిపోతున్న దేశం చూద్దామని. 2021 లో వాళ్ళ విదేశాంగ మంత్రి సైమన్ కోఫే సూటు వేసుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడి మాట్లాడిన వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. నా బుర్రలో తువాలు అంటే ఆ బొమ్మే.

2024 సెప్టెంబర్ 10, మంగళవారం: రన్‌వే

రెండున్నర గంటలు కింద సముద్రం తప్ప ఏమీ లేదు. దిగబోయే ముందు ఈ కిటికీలోంచి చూస్తే సముద్రం, ఆ కిటికీలోంచి చూసినా సముద్రమే. నాన్నగారు "ఎక్కడ దిగుతాడే వీడు?" అని నా చెయ్యి పట్టుకున్నారు. కాళ్ళ కింద ఉన్నట్టుండి కొబ్బరి తలలు కనపడ్డాయి, చక్రాలు నేలకి తగిలాయి.

ఊరు పేరు ఫోంగాఫాలే. 12 కిలోమీటర్ల పొడుగు, బాగా వెడల్పున్న చోట 400 మీటర్లు. ఆ వెడల్పంతా రన్‌వే తినేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1943 లో అమెరికా వాళ్ళు వేశారు. విమానం వచ్చే ముందు సైరన్ మోగిస్తారు, జనం పక్కకి తప్పుకుంటారు, వెళ్ళిపోయాక మళ్ళీ వచ్చేస్తారు. సాయంత్రం ఐదయ్యేసరికి అదే రన్‌వే మీద నాలుగు వాలీబాల్ ఆటలు, ఒక ఫుట్‌బాల్, మోటార్‌సైకిల్ నేర్చుకునే పిల్ల, చాప పరుచుకుని కూర్చున్న ముసలమ్మలు. ఇళ్ళల్లో ఉక్కగా ఉన్న రాత్రుళ్ళు అక్కడే పడుకుంటారట కూడా. నాకు విచిత్రంగా అనిపించింది కానీ నాన్నగారికి ఏమీ అనిపించలేదు. "మనవాళ్ళు హైవే మీద ధాన్యం ఆరబోస్తారు కదా, ఇదీ అంతే. ఉన్న మెరక అదొక్కటే, ఊరికే వదిలేస్తారా?"

మేము దిగిన ఇల్లు రన్‌వేకి రెండు నిమిషాల దూరం. ఐదు గదులు. ఇంటావిడకి యాభై దాటి ఉంటాయి, ఇంగ్లిష్ చక్కగా మాట్లాడుతుంది, మాట కంటే ముందు నవ్వు వస్తుంది. వాకిట్లో రెండు సమాధులు, టైల్స్ వేసి, పైన రేకు కప్పి, ప్లాస్టిక్ పూలదండలు వేసి ఉన్నాయి. వాళ్ళ అమ్మా నాన్నవట. నాన్నగారు అక్కడికి రాగానే చెప్పులు విడిచారు. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు గానీ రాత్రి భోజనంలో ఆయన పళ్ళెంలో చేప ముక్క మాత్రం పెద్దది పడింది.

డబ్బు సంగతి ముందే చెప్పేస్తాను. ఇక్కడ వాడేది ఆస్ట్రేలియా డాలరు. మేమున్న రోజుల్లో దేశం మొత్తం మీద ఒక్క ఏటీఎం లేదు, కార్డు ఎక్కడా తీసుకోలేదు. సువాలోనే 2,000 డాలర్లు నగదు మార్చుకుని, నాన్నగారి బొడ్లో సంచిలో పెట్టాం. నా హ్యాండ్‌బ్యాగ్ కంటే అదే భద్రం అని ఆయన నమ్మకం, వారమంతా నేను ప్రతి పది డాలర్లకీ ఆయన్ని అడుక్కోవాల్సి వచ్చింది. మళ్ళీ తొమ్మిదో తరగతిలోకి వెళ్ళినట్టుంది.

సెప్టెంబర్ 11, బుధవారం: బోరు బావి

రోజుకి పది డాలర్లకి ఒక స్కూటర్ తీసుకున్నాం. ఒకటే పొడుగాటి రోడ్డు, దారి తప్పడం అసాధ్యం అనుకున్నాను. తప్పాం. నేను వెతుకుతున్నది డేవిడ్స్ డ్రిల్ అనే చోటు. అడిగిన మొదటాయన ఉత్తరానికి చెయ్యి చూపించాడు, రెండో ఆవిడ దక్షిణానికి, మూడో కుర్రాడు మమ్మల్ని నేరుగా ఒక పందుల దొడ్డి దగ్గరకి తీసుకెళ్ళి, గర్వంగా వాళ్ళ పందిని చూపించాడు. మేం అడిగిందేమిటో, అతనికి అర్థమైందేమిటో ఇప్పటికీ తెలీదు. పంది బాగుంది. ఎండు కొబ్బరి మేపుతారట.

చివరికి ఇళ్ళ మధ్యలో దొరికింది. కాంక్రీటు దిమ్మె, మధ్యలో చిన్న కన్నం, అంతే. కథ మాత్రం పెద్దది. ఇలాంటి పగడపు దీవులు ఉంగరం ఆకారంలో ఎందుకుంటాయి అంటే, అడుగున అగ్నిపర్వతం నెమ్మదిగా కుంగిపోతుంటే దాని అంచున పగడాలు పైపైకి పెరుగుతూ వస్తాయని డార్విన్ అన్నాడు. అది నిజమో కాదో తేల్చడానికి లండన్ రాయల్ సొసైటీ 1896, 97, 98 లలో మూడుసార్లు మనుషుల్ని ఇక్కడికి పంపింది. 1897 లో వచ్చిన బృందానికి నాయకుడు భూగర్భ శాస్త్రవేత్త ఎడ్జ్‌వర్త్ డేవిడ్, ఆయన పేరే ఈ కన్నానికి మిగిలింది. చివరికి 1,114 అడుగులు తవ్వారు.

ఇదంతా నాన్నగారికి చెప్పాను. ఆయన వంగి కన్నంలోకి చూసి, "1,114 అడుగుల బోరా! నీళ్ళు పడ్డాయా?"

"నీళ్ళ కోసం కాదు నాన్నగారూ, అగ్నిపర్వతం రాయి తగులుతుందేమోనని."

"తగిలిందా?"

"లేదు. అడుగుదాకా పగడం సున్నమే."

"అయితే ఫెయిలైన బోరు" అని తేల్చేసి స్కూటర్ ఎక్కారు. ఇక్కడ తాగేది వాన నీళ్ళే అని అప్పటికే కనిపెట్టేశారు, ప్రతి ఇంటి పక్కనా ఏనుగంత ట్యాంకు ఉంటుంది. 2011 లో వానలు పడక ఆ ట్యాంకులు ఎండిపోతే దేశంలో ఎమర్జెన్సీ పెట్టారు.

సాయంత్రం పడవ బేరం. మడుగుకి అవతలి ఒడ్డున ఉన్న దీవులకి తీసుకెళ్ళి తేవడానికి, పెట్రోలుతో కలిపి 250 డాలర్లు. నాన్నగారు మనసులో 56 తో గుణించారు. "14 వేలా! ఆ డబ్బుతో సఖినేటిపల్లి పంటు మీద గోదావరి దాటి జన్మంతా నర్సాపురం వెళ్ళి రావొచ్చు." పడవాయన బేరమాడడు, నవ్వుతాడు. ఇక్కడ బేరం అనేది లేదని నాకు రెండో రోజుకి అర్థమైంది. నాన్నగారికి ఆఖరి రోజుదాకా అర్థం కాలేదు.

సెప్టెంబర్ 12, గురువారం: అవతలి ఒడ్డు

పడవ అంటే ఇరవై అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 గుర్రాల మోటారు, కూర్చోవడానికి ఒక ఐస్ పెట్టె, ఒక అడ్డబల్ల. జెట్టీ లేదు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి నీళ్ళలో నడిచి ఎక్కాలి. నాన్నగారు పంచె ఎగ్గట్టి నాకంటే ముందు ఎక్కేశారు. లైఫ్ జాకెట్లు రెండున్నాయి, ఆయన ఒకటి వేసుకుని పైన తువాలు కప్పుకున్నారు, ఎండకి.

ఇక్కడి లెక్క తలకిందులుగా ఉంటుంది. మధ్యలో మడుగు, లగూన్ అంటారే, అది సుమారు 275 చదరపు కిలోమీటర్లు. దాని చుట్టూ ఉన్న ముప్ఫై పైచిలుకు దీవుల నేలంతా కలిపి 2.4 చదరపు కిలోమీటర్లు, అంటే దగ్గర దగ్గర 600 ఎకరాలు. "ఒక మోస్తరు ఊరి ఆయకట్టు" అన్నారు నాన్నగారు. ఆ ఆయకట్టు మీద ఆరు వేల మందికి పైగా బతుకుతున్నారు. పది నిమిషాలు పోయేసరికి ఫోంగాఫాలే వెనక పచ్చ గీత అయింది, ఇంకో పది నిమిషాలకి అదీ లేదు, ముందు ఏమీ లేదు, చుట్టూ నీళ్ళే. మోటారు ఆగితే ఏంటి అని నాకు కడుపులో టెన్షన్ మొదలైంది. నాన్నగారు ఐస్ పెట్టె మీద కునుకు తీస్తున్నారు.

పడమటి వైపు ఆరు దీవుల్ని, వాటి చుట్టూ 33 చదరపు కిలోమీటర్ల నీటినీ 1996 లో రక్షిత ప్రాంతం చేశారు. అక్కడ చేప పట్టకూడదు, పక్షి గుడ్డు ముట్టకూడదు. రక్షిత ప్రాంతం దగ్గరకి రాగానే పడవాయన గాలం తీగ చుట్టేసి పెట్టెలో పెట్టేశాడు, చూసేవాడు ఎవడూ లేకపోయినా.

మొదట ఫువాలోపా. ఒడ్డు ఇసుక అనుకుని దూకాను, ఇసుక కాదు, పగడపు ముక్కలు, అడుగు వేస్తే పింగాణీ పళ్ళేలు పగిలిన చప్పుడు. చెట్ల నిండా నల్ల పక్షులు, నెత్తిన తెల్ల టోపీ పెట్టినట్టు. మనిషంటే భయం లేదు, చెయ్యి చాస్తే అందేంత కొమ్మ మీద కూర్చుని మనల్నే చూస్తాయి. నీళ్ళలో ముఖం పెట్టాను, ఓ అరగంట నాకు బయటి ప్రపంచం గుర్తు లేదు. చిలక రంగు చేపలు పగడాన్ని కొరుకుతుంటే ఆ కరకర నీళ్ళలో వినపడుతుంది, మన పక్కన ఎవరో జంతికలు నములుతున్నట్టు. పైకి లేచి నాన్నగారి కోసం చూస్తే ఆయన నీడలో కూర్చుని రాలిన కొబ్బరికాయ ఒకటి చేతిలో తిప్పి తిప్పి చూస్తున్నారు. "కాయ చిన్నది. డొక్క ఎక్కువ. కానీ నీళ్ళు ఊపితే చప్పుడు బాగుంది."

అక్కడి నుంచి తెపుకా సవిలివిలి. నేను దీవి ఎక్కడా అని వెతుకుతుంటే పడవాయన మోటారు ఆపి, "ఇదే" అన్నాడు. నీళ్ళపైకి తేలిన రాళ్ళ గుట్ట. 1997 కి ముందు దీని మీద చెట్లుండేవి. ఆ ఏడాది వచ్చిన తుఫాన్లు చెట్లనీ ఇసుకనీ ఊడ్చుకుపోయాయి. కొంచెం దక్షిణాన వాసాఫువా ఉంది, దాని కొబ్బరి చెట్లు 2015 లో పామ్ తుఫానుకి పోయాయి.

నేను ఆ గుట్టని ఫొటో తీస్తున్నాను. నాన్నగారు పడవ అంచు పట్టుకుని లేచి నిలబడ్డారు. "ఏ నెలలో?" అని అడగమన్నారు. తుఫాను ఏ నెలలో అని. అడిగాను, పడవాయనకి అప్పటికి ఐదేళ్ళు, గుర్తు లేదన్నాడు. "మాకు నవంబర్ ఆరు" అన్నారు నాన్నగారు తెలుగులోనే, అతని వైపు చూస్తూ. "96. రాత్రి. తెల్లారేసరికి 170 చెట్లలో 22 నిలబడ్డాయి." నేను అనువాదం చేశాను. అప్పుడు నాకు పదేళ్ళు, అత్తయ్యగారి డాబా మీద తడిసి కూర్చున్న రాత్రి గుర్తుంది గానీ ఈ లెక్క మాత్రం నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పడవాయన తల ఊపి, బొండాం ఒకటి చెక్కి ముందు ఆయనకిచ్చాడు.

సెప్టెంబర్ 13, శుక్రవారం: గాలి

గాలి ఎక్కువగా ఉందని పడవ లేదు. ఉత్తరం కొసకి స్కూటర్ మీద వెళ్ళాం. ఒకచోట దీవి ఎంత సన్నబడుతుందంటే రోడ్డుకి ఈ పక్కా నీళ్ళే ఆ పక్కా నీళ్ళే, ఎడమ వైపు మడుగు పాలు తోడుకున్నట్టు కదలకుండా ఉంటే కుడి వైపు పసిఫిక్ రాళ్ళని బాదుతుంటుంది. "మన చించినాడ బ్రిడ్జి నయం, రెయిలింగన్నా ఉంది" అన్నారు నాన్నగారు. కొసన చెత్త కుప్ప. దాని గురించి రాయడం నాకూ ఇష్టం లేదు కానీ, ఫీజీ నుంచి ఓడలో వచ్చిన ప్రతి డబ్బా, ప్రతి డైపరూ చివరికి చేరేది ఆ కొసకే, ఇంకెక్కడ పెడతారు?

వచ్చేటప్పుడు తైవాన్ వాళ్ళు నడిపే కూరగాయల తోట చూశాం. బయటి నుంచి తెచ్చిన ఎరువూ మట్టీ కలిపి మడులు కట్టి దోసకాయలు, ఆకుకూరలు పండిస్తున్నారు. ఇక్కడ పచ్చి కూరగాయ దొరకడం అంటే పండగే. ఇంటికి రెండు దోసకాయలు తెస్తే ఇంటావిడ వాటిని డైనింగ్ టేబుల్ మీద పూలలా పెట్టింది.

సెప్టెంబర్ 14, శనివారం: ఫునాఫాలా

దక్షిణాన ఫునాఫాలా అనే దీవిలో కొన్ని కుటుంబాలే ఉంటాయి. ఈసారి 180 డాలర్లు. యుద్ధంలో అమెరికా సైన్యం ఫోంగాఫాలేలో దిగినప్పుడు ఊరి జనాన్ని అక్కడికే మార్చారట.

దిగగానే ఎవరి ఇంటికీ తిన్నగా వెళ్ళిపోకూడదు. పడవాయన ముందు వెళ్ళి ఒక పెద్దాయనతో మాట్లాడి వచ్చాకే మమ్మల్ని రమ్మన్నాడు. కూర్చున్న పెద్దవాళ్ళ ముందు నుంచి నిలువునా నడవకూడదు, వంగి నడవాలి. నాకిది ఎవరో చెప్తే తెలిసింది, నాన్నగారు తనంతట తానే వంగి వెళ్ళారు, మా తాతగారి ముందు నడిచినట్టు. గోడల్లేని పాక, నేల మీద పాండనస్ చాపలు. మన వైపు మొగలి ఉంటుందే, అదే జాతి.

కొబ్బరి కల్లు వచ్చింది. కలేవె అంటారు. విచ్చుకోని పూగెలని తాడుతో బిగించి కట్టి, కొసని రోజూ రెండు పూటలా పల్చగా కోసి, కింద సీసా వేలాడదీస్తారు. అప్పుడే దించింది కాబట్టి పులుపు లేదు, పానకంలా ఉంది. నాన్నగారికి షుగరు, నేను కళ్ళతోనే వద్దన్నాను, ఆయన నన్ను చూడనట్టే రెండు గ్లాసులు తాగారు. "మనకి లొట్టి, వీళ్ళకి సీసా. గీత మాత్రం సన్నగా గీస్తున్నాడు, చెయ్యి తిరిగినోడే."

పాక వెనక పదును చెక్కిన గట్టి కర్రొకటి నేలలో పాతి ఉంది, కాయలు ఒలవడానికి. ఒక కుర్రాడు ఒలుస్తున్నాడు. నాన్నగారు కాసేపు చూసి, పంచె బిగించి, "ఇటియ్యి బాబూ" అన్నారు. మా ఇంటి దగ్గర గునపం పాతి ఉంటుంది, పని అదే. కాయని రెండు చేతులతో పట్టుకుని తొడిమ పక్కగా కొసకి గుచ్చి కిందికి నొక్కి మెలిపెట్టారు, డొక్క ఒక పాయ విడిపోయింది. తిప్పి ఇంకోటి. తిప్పి ఇంకోటి. మూడు దెబ్బలకి బుర్ర బయటికి వచ్చింది, పిలకతో సహా. పాకలో ఉన్న ఆడవాళ్ళు ఒక్కసారిగా కేక పెట్టి చప్పట్లు కొట్టారు. డెబ్భై ఒకటో ఏట మా నాన్నగారు సిగ్గుపడటం చూశాను. ఆ తర్వాత ఆయనకి భాష అక్కర్లేకపోయింది, అరగంటలో ఆయనా ఆ పెద్దాయనా చెట్ల కింద తిరుగుతూ చేతులతో ఏదో వాదించుకుంటున్నారు, తెలుగొకరూ తువాలూ భాషొకరూ.

మడుగు వైపు ఒడ్డున నాలుగైదు చెట్లు కింది మట్టలు వాల్చి, తల పల్చబడి, పసుపు తిరిగి ఉన్నాయి. నాన్నగారు ఒకదాని మొదలు దగ్గర కూర్చుని మట్టి పిడికెడు తీసి వాసన చూశారు. "వేరుకి ఉప్పు తగిలింది. మొవ్వు ఇంకా పచ్చిగానే ఉంది, ఓ రెండేళ్ళు లాగుతుంది." ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. మా వైపు శంకరగుప్తం డ్రెయిన్ పొడుగునా పోటు నీళ్ళు ఎక్కి తోటలు ఎలా అయ్యాయో నాకు ఫోన్లో విన్న సంగతి మాత్రమే. ఆయనకి రోజూ కళ్ళ ముందుది. పడవాయన "ఇక్కడ ఒడ్డు కోత ఎక్కువ" అని చెప్పబోతే, నాన్నగారి వైపు చూసి నేనే ఆపేశాను.

వచ్చేటప్పుడు పెద్దాయన ఒక మొలకెత్తిన కాయ ఇచ్చారు, రెండు ఆకులేసింది. ఇంకోటి పగలగొట్టి లోపలి పువ్వు తీసి నాకు పెట్టారు. కొబ్బరి పువ్వు తిని ఎన్నేళ్ళయిందో.

తిరుగు ప్రయాణంలో ఒక పార చేప పడింది, మోచెయ్యంత. దాన్ని కొక్కెం నుంచి విడిపిస్తూ పడవాయన ఆస్ట్రేలియా గురించి చెప్పాడు. కొత్త ఒప్పందం అమల్లోకి వచ్చి రెండు వారాలే అయింది, ఇక ఏడాదికి 280 మంది అక్కడికి వెళ్ళి స్థిరపడొచ్చు. వాళ్ళ చెల్లి ఎప్పుడు దరఖాస్తులు మొదలవుతాయా అని చూస్తోంది. నాన్నగారికి అనువాదం చేశాను. అప్పుడు పడవాయన ఆయన్ని అడిగాడు, మామూలుగానే, "మీ అమ్మాయి సువాలో ఉంది కదా, మీ చెట్లు ఎవరు చూస్తారు?"

ఈ ప్రశ్నని నేనే తెలుగులో చెప్పాలి. చెప్పాను. నాన్నగారు నీళ్ళ వైపు చూస్తూ, "పోయినేడు కౌలుకిచ్చేశానని చెప్పు" అన్నారు. నాకా సంగతి తెలీదు. తోట కౌలుకిచ్చిన విషయం నేను పసిఫిక్ మధ్యలో, చేప రక్తం పడిన పడవలో, ఇంకొకరికి ఇంగ్లిష్‌లో చెప్తూ తెలుసుకున్నాను.

రాత్రి ఆ పార చేపతో ఆయనే పులుసు పెట్టారు. చింతపండు మా సంచిలో ఉంది, మసాలా ప్యాకెట్లు ఫీజీవి కొట్లో దొరికాయి. ఇంటావిడ ఒక చెంచా నోట్లో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ పళ్ళెం చాపింది. పులుసు ఎలా ఉందో నాకైతే సరిగ్గా గుర్తు లేదు.

సెప్టెంబర్ 15, ఆదివారం: ప్రార్థన

ఆదివారం పడవలు తిరగవు, పనులు లేవు. తెల్ల బట్టల్లో ఊరంతా చర్చికి. ఇంటావిడ రమ్మంటే వెళ్ళాం. వాయిద్యం ఏమీ లేకుండా నాలుగు గొంతుకలు విడివిడిగా లేచి కలుస్తాయి, వెనక బెంచీలో కూర్చున్న నాకు చెక్క అదరడం తెలిసింది. నుదుటి మీద బొట్టుతో నాన్నగారు అంతసేపూ చేతులు జోడించే ఉన్నారు.

1943 ఏప్రిల్ 23 న జపాన్ విమానాలు వచ్చినప్పుడు 680 మంది చర్చిలోనే తలదాచుకున్నారు. లాడ్ అనే అమెరికన్ కార్పొరల్ ఇది చాలదు, బయట తవ్విన గుంటల్లోకి పదండి అని నచ్చజెప్పి అందర్నీ పంపించాడు, కాసేపటికే బాంబు చర్చి మీద పడింది. ఇప్పటికీ ఆ తేదీన ఫునాఫుటిలో సెలవు. ఇంటావిడ ఈ కథ చెప్పి, "అంటే నేను ఉండటానికి కారణం అతనే" అని అన్నం వడ్డించింది. భోజనంలో పచ్చి ట్యూనా ముక్కలు కొబ్బరి పాలలో, ఫెకెయి అని పులాకా దుంప కోరి ఆకులో ఉడికించి కొబ్బరి పాలు పోసింది. ఫెకెయి మన ఆకులో ఉడికించే కుడుముకి దూరపు చుట్టం. నాకు నచ్చింది. పచ్చి చేప నాన్నగారు ముట్టలేదు.

సెప్టెంబర్ 16, సోమవారం: గుంటలు

ఆ పులాకా చూద్దామని వెళ్ళాం. మన చేమ జాతే, ఆకు మాత్రం గొడుగంత. మనిషి లోతు గుంట తవ్వితే అడుగున మంచినీటి పొర తగులుతుంది, వాన నీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది కదా, దాంట్లో నాటుతారు. ఎండుటాకులు కుక్కి కుక్కి మట్టి తయారు చేసుకుంటారు. సగం గుంటలు వదిలేసి ఉన్నాయి, ఉప్పు ఎక్కిందని. నాన్నగారు బాగున్న గుంట దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు.

దక్షిణం వైపు మడుగులోంచి ఇసుక తోడి పోసి కట్టిన కొత్త నేల చూశాం. 780 మీటర్ల పొడుగు, ఏడు హెక్టార్లు పైన, పోయినేడే పూర్తయింది. పిల్లలు అప్పుడే అక్కడ క్రికెట్‌లాంటిదేదో మొదలుపెట్టేశారు.

సాయంత్రం రన్‌వే మీద చాప వేసుకుని కూర్చుని, కౌలు గురించి అడిగాను. "కాయ దింపుకి మనుషులు రావట్లేదే. చెట్లకి తెల్లదోమ. రేటు లేదు. నీకు చెప్తే నువ్వేం చేస్తావు?" అన్నారు. వాలీబాల్ మా చాప మీదకి వచ్చి పడింది, ఆయన విసిరేశారు.

సెప్టెంబర్ 17, మంగళవారం: మొక్క

ఆ మొలక కాయని నాన్నగారు బట్టల సంచిలో పంచెలో చుట్టి పెట్టారు. ఫీజీలో దిగగానే లాక్కుని కాల్చేస్తారు, పైగా జరిమానా వేస్తారు అని పొద్దున్నే పెద్ద గొడవ. చివరికి ఇంటావిడ పెరట్లో నాటేద్దాం అని ఒప్పుకున్నారు. సమాధులకి దూరంగా, ట్యాంకుకి దూరంగా, పక్క చెట్టు నుంచి అడుగులు వేసి కొలిచి, "పాతిక అడుగులు ఉండాలి" అని చోటు చూశారు. పార దిగితే అంతా తెల్లటి పగడపు పిండి, మట్టి పేరుకి కొంచెం. పాత డొక్కలు అడుగున పరిచారు. అప్పుడు, "అమ్మాయ్, ఒక గుప్పెడు ఉప్పు అడుగు" అన్నారు.

మా వైపు కొబ్బరి మొక్క నాటేటప్పుడు గోతిలో ఉప్పు వేస్తారు, చెద పట్టదని. అడిగాను. ఇంటావిడ "ఉప్పా? గోతిలోకా?" అని, నేను అవునంటే, గుమ్మం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ మెట్టు మీద కూలబడింది. కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళి, గిన్నెతో ఉప్పు తెచ్చి రెండు చేతులా ఆయనకి అందించింది.

నాన్నగారు గిన్నెలోకి చూశారు, పెరటి చివర కనపడుతున్న నీళ్ళ వైపు చూశారు. గిన్నె తిరిగి ఇచ్చేసి, ట్యాంకు కింద చెంబు పెట్టి వాన నీళ్ళు పట్టి పోశారు. అప్పటికి సైరన్ మొదటిసారి మోగింది.